గుండె చూపిన ప్రకాశం సరే, నివేదిక రాసిన ప్రకాశం ఏడీ?

చెన్నై హైకోర్టు ఎదుట నేతాజీ సుభాష్ చంద్రబోస్ రోడ్డు ఉంది. పారీస్ కార్నర్ దగ్గర అది కలిసే దారి రాజాజీ సాలై. కోర్టు ఎదుటి నుంచి ఉత్తరంగా జార్జిటౌన్‌లోకి చొచ్చుకుపోయే ఇరుకు దారి ప్రకాశం సాలై. ఈ చివరి పేరు బోర్డుల మీద, పోస్టు కవర్ల మీద తప్ప నాలుకల మీద పెద్దగా కనిపించదు. బస్సు కండక్టరుకైనా, అక్కడ సరుకు దింపుకునే టోకు వర్తకుడికైనా అది ఇప్పటికీ బ్రాడ్వేనే. సేలంలో ప్రాక్టీసు చేసిన వకీలు పేరొక దారికి, రాజమండ్రిలో ప్లీడరీ చేసిన వకీలు పేరొక దారికి పెట్టుకున్న ఈ నగరం, ఆ ఇద్దరినీ ఒకప్పుడు మద్రాసు రాష్ట్ర ప్రధానులుగా చూసింది. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు.

టంగుటూరి ప్రకాశం అనగానే మనకు తోచేది ఒకే దృశ్యం. 1928 ఫిబ్రవరి 3, సైమన్ కమిషన్ బహిష్కరణ, హైకోర్టు దగ్గర కాల్పులు, నేలకొరిగిన పార్థసారథి. ఆ శవాన్ని చూడటానికి వెళుతుంటే తుపాకులు అడ్డు పెట్టిన పోలీసుల ముందు చొక్కా తెరిచి నిలబడ్డ పంతులు. ఆ రోజుతో ఆయన ఆంధ్రకేసరి అయ్యారు. బిరుదు న్యాయమైనదే. కానీ ఆ బిరుదు ఆయన్ని ఒక్క క్షణంలో బిగించేసింది. ఆ సంఘటన తరవాత పదేళ్ళకు, అదే మద్రాసులో, తుపాకులూ జెండాలూ లేని చోట, పాత రెగ్యులేషన్ల కట్టలు ముందేసుకుని ఆయన చేసిన పని తెలుగు రైతు బతుకును అంతకంటే లోతుగా తాకింది. దాన్ని పాఠ్యపుస్తకం పట్టించుకోలేదు. విగ్రహాల శిల్పులు పట్టించుకోలేదు. చట్టసభల్లో ఇవాళ కూర్చుంటున్నవారు కూడా పట్టించుకోలేదు.

ఈ వ్యాసం చెప్పదలచింది ఒకటే. ప్రకాశం జీవితంలో నిలిచిన పని ఆయన వకీలు విద్యను చట్టసభకు తీసుకెళ్ళిన చోట జరిగింది. ఆ విద్యను పక్కనపెట్టి పాలించిన చోట ఆయన తప్పటడుగులు వేశారు. ఈ రెండూ కలిపి చదివితేనే మనకు పనికొస్తారు.

మునిసిపాలిటీ మెట్టు

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. కరణీకం చేసిన నియోగి కుటుంబం. పదకొండేళ్ళకే తండ్రి గోపాలకృష్ణయ్య పోతే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మేష్టారు ఆ కుర్రాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకెళ్ళకపోతే చదువు అక్కడితో ఆగేదేమో. మేష్టారి వెంట నాటకాలాడుతూ, అల్లరి చేస్తూ, చదువుతూ చివరకు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా తేలారు.

ఆనాటి న్యాయవాదుల్లో సెకండ్ గ్రేడ్ ప్లీడరుది కింది మెట్టు. కింది కోర్టుల్లో నల్లకోటు వేసుకోవచ్చు గాని హైకోర్టులో నోరు విప్పే అర్హత లేదు. అయితే కింది కోర్టుకో సుగుణం ఉంది. కక్షిదారు అక్కడ నేరుగా ఎదురవుతాడు. శిస్తు కట్టలేక పంట జప్తయిన రైతు, గట్టు తగవులో తల పగిలిన దాయాది, అప్పు పత్రం మీద వేలిముద్ర తనదో కాదో చెప్పలేని ముసలమ్మ, అందరూ ప్లీడరు వసారాలోనే కూర్చుంటారు. గోదావరి జిల్లాలో చుట్టూ పిఠాపురం, పోలవరం, తుని వంటి జమీందారీలు. దావాల్లో నేల తగాదాలకు కొరత ఉండేది కాదు. శాసనసభకు వెళ్ళేలోపు ప్రకాశానికి దొరికిన అసలు పాఠశాల ఇది.

ఆయన రాజకీయంలో మొదటి మెట్టు కూడా అక్కడే ఎక్కారు. ముప్ఫయ్యో పడిలో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. మన దేశంలో చాలామంది చట్టసభ సభ్యుల కథ ఇలాగే మొదలైంది. రాజాజీ సేలం మునిసిపాలిటీకి అధ్యక్షత వహించాకే పెద్ద రాజకీయాల్లోకి వచ్చారు. చిత్తూరులో ప్రాక్టీసు చేసిన బొల్లిని మునుస్వామి నాయుడు 1930లో మద్రాసు ప్రధాని అయ్యారు. ఏలూరు వకీలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1937లో కొద్ది నెలలు ఆ కుర్చీలో ఉన్నారు. జిల్లా బార్ల నుంచి ఇంతమంది రావడం కాకతాళీయం కాదు. అప్పటి ఓటు హక్కు పన్ను కట్టేవారికీ ఆస్తి ఉన్నవారికీ పరిమితం. ఆ ఓటర్లకు పట్టణంలో తెలిసిన ముఖం, ఇంగ్లీషులో కలెక్టరుతో మాట్లాడగలిగిన నోరు, ఎవరి జీతం మీదా ఆధారపడని సంపాదన, మూడూ ఒకే మనిషిలో దొరికింది ప్లీడరు దగ్గరే. అదే సమయంలో ఆ ప్లీడరుకో బలహీనత కూడా అంటుకుంది. ఫీజులు దండిగా ఇచ్చేది భూస్వాములు, జమీందార్లు. పేదవాడి గోడు విన్నా, వాదించాల్సి వచ్చేది చాలాసార్లు పెద్దవాడి తరఫునే.

బారిస్టరు వదులుకున్నది

హైకోర్టు తలుపు తెరవాలంటే బారిస్టరు చదువు కావాలి. ప్రకాశం 1904లో ఇంగ్లండు బయలుదేరారు. లండన్‌లో చదువుకుంటూనే దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నికల ప్రచారంలో తిరిగారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో చేరారు. అప్పటి మద్రాసు బారులో పై వరస యూరోపియన్లది, తమిళ న్యాయవాదులది. అందులో ఒక తెలుగు బారిస్టరు చోటు సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యసిస్తే, పేరున్నవాళ్ళు అధ్యక్షత వహించడానికి జంకారు. ప్రకాశం ఆ కుర్చీలో కూర్చున్నారు. 'లా టైమ్స్' అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. కలెక్టర్ ఆష్ హత్య కేసు నిందితుల తరఫు న్యాయవాదుల్లోనూ ఉన్నారు.

1921లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే అంత ప్రాక్టీసునూ వదిలేశారు. ఆ అక్టోబరులో 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లోనూ అది వెలువడింది. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి పాత్రికేయులకు అది పని నేర్పింది. ప్రకాశం ఆస్తిని మాత్రం మింగేసింది. డబ్బు లెక్కల్లో పంతులుది ఎప్పుడూ వదులు చెయ్యే. ఆ వదులుతనం తరవాత ఆయన మీదికే తిరిగొచ్చింది. ప్రజలు అభిమానంతో ఇచ్చిన పర్సులను సొంతానికి వాడుకున్నారన్న అభ్యంతరం 1946లో గాంధీజీ నోటి నుంచే వచ్చింది. దేశం కోసం ఇల్లు గుల్ల చేసుకున్నవాడికి ప్రజలిచ్చింది తినడంలో తప్పేమిటన్నది అభిమానుల వాదన. ప్రజాధనానికి లెక్క ఉండాలన్నది గాంధీ వాదన. నిజాయితీ వేరు, లెక్క చూపడం వేరు. మొదటిది పంతులుకు పుష్కలం. రెండోదానికి ఆయన విలువ ఇవ్వలేదు.

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి ఆ సభ్యత్వం వదిలి జైలుకు వెళ్ళారు. కేవలం ఇంతవరకే జీవితం ఉంటే ఆయన కూడా ఆనాటి అనేకమంది త్యాగధనుల్లో ఒకరై ఉండేవారు. ప్రత్యేకత 1937లో మొదలైంది.

1802 నాటి కాగితాలు

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. జస్టిస్ పార్టీ మట్టి కరిచింది. దాని నాయకుడు బొబ్బిలి రాజా సొంత గడ్డ మీద, బరంపురంలో న్యాయవాద వృత్తి చేసి కార్మిక నాయకుడిగా ఎదిగిన వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. రాజాజీ ప్రధాని, ప్రకాశం రెవెన్యూ మంత్రి. ఆ ఏడాదే ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతుల కాలినడక యాత్ర బయలుదేరింది. ఊరూరా జమీందారీ గోడు వినిపిస్తూ 1938 వసంతానికి రాజధాని చేరింది. వీధిలో ఆ ఒత్తిడి ఉండగా, సచివాలయంలో ప్రకాశం అధ్యక్షతన మద్రాసు ఎస్టేట్స్ లాండ్ యాక్టు విచారణ సంఘం పని మొదలుపెట్టింది.

సమస్య ఏమిటి? మద్రాసు రాష్ట్రంలో సుమారు మూడో వంతు నేల జమీందారీల కింద ఉండేది. 1802లో ఈస్టిండియా కంపెనీ తెచ్చిన 25వ రెగ్యులేషన్ జమీందార్లకు శాశ్వత సన్నదులిచ్చింది. వారు ఏటా కట్టవలసిన పేష్కష్ శాశ్వతంగా నిర్ణయమైపోయింది. రైతు దగ్గర వసూలు చేసే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. జమీందారు తరఫు వకీలు ప్రతి కోర్టులోనూ ఎత్తి చూపేది ఆ రెగ్యులేషన్‌లోని యాజమాన్య హక్కు అన్న మాటనే. నేల జమీందారుది, రైతు కౌలుదారు అన్నది ఆ వాదన సారాంశం.

ప్రకాశం కమిటీ ఈ వాదనను నినాదంతో ఎదుర్కోలేదు. అదే 1802లో, అదే కంపెనీ తెచ్చిన 30వ రెగ్యులేషన్‌ను పక్కన పెట్టి చదివింది. దాన్ని పట్టా రెగ్యులేషన్ అంటారు. దాని ప్రకారం జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు దగ్గర ముచ్చిలిక అనే అంగీకార పత్రం తీసుకోవాలి, ఇద్దరి మధ్యా ఒప్పందం కాగితం మీద ఉండాలి, దర ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. నేల జమీందారుదే అయితే, దాని శిస్తు ఎంత ఉండాలో పాలకుడు ఎందుకు నిర్దేశిస్తాడు? తరవాత వచ్చిన 1822 నాటి 4వ రెగ్యులేషన్ ఇంకా సూటిగా చెప్పింది. 1802 చట్టాలు రైతుల పాత హక్కులను తగ్గించడానికి ఉద్దేశించినవి కావని అందులో ఉంది. మూడు కాగితాలనూ వరసగా పెడితే తేలేది ఒకటే. కంపెనీ జమీందారుకు ఇచ్చింది శిస్తు వసూలు హక్కు. నేల రైతుదే.

వకీలు విద్య అంటే ఇదీ. ప్రత్యర్థి తెచ్చిన దస్తావేజులోనే ఆయనకు వ్యతిరేకంగా ఉన్న వాక్యం పట్టుకోవడం. కమిటీ దీన్ని పుస్తకాల గదిలో కూర్చుని మాత్రమే చేయలేదు. జిల్లాలు తిరిగింది. జమీందార్లు, వారి న్యాయవాదులు, రైతు సంఘాల వారు, విడి రైతులు, అందరి నుంచీ వాంగ్మూలాలు తీసుకుంది. వారి విజ్ఞాపనలను, సాక్ష్యాలను సంపుటాలుగా అచ్చు వేసింది. 1938 చివర్లో నివేదిక ఇచ్చింది. నేలకు యజమాని రైతే, శిస్తు 1802 నాటి దరలకు తగ్గాలి, అడవి, చెరువు, బీడు మీద గ్రామస్థుల హక్కులు నిలవాలి అన్న దిశలో దాని సిఫారసులు సాగాయి. జమీందార్లు దీన్ని దోపిడీ అన్నారు. కమిటీలో కూడా ఏకాభిప్రాయం లేదు. అయినా వ్యతిరేకించిన జమీందార్ల మాట కూడా సంపుటాల్లో అచ్చయింది. అదే ఆ నివేదికకు బలం.

చట్టం మాత్రం రాలేదు. శాసనసభలో చర్చ జరిగింది గాని, 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గాలు యుద్ధం విషయంలో రాజీనామా చేశాయి. ఫైలు బీరువా ఎక్కింది. ఇదే మంత్రివర్గంలో సేలం వకీలు రాజాజీ తెచ్చిన 1938 నాటి రైతు రుణ విముక్తి చట్టం అమల్లోకి వచ్చింది. రాజమండ్రి వకీలు నివేదిక ఆగింది. అప్పు తగ్గించడం కంటే యాజమాన్యం మార్చడం ఎక్కువ కాలం పట్టే పని, ఎక్కువ మంది పెద్దల్ని కదిపే పని.

అయినా ఆ కాగితం చావలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది జమీందారీ శిస్తులు తగ్గించే చట్టం, 1948లో ఎస్టేట్లను రద్దు చేసి రైత్వారీలోకి మార్చే 26వ చట్టం వచ్చాయి. అప్పటికి ప్రధాని ఓమందూరు రామస్వామి రెడ్డియార్, రెవెన్యూ మంత్రి కళా వెంకటరావు. చట్టాల మీద సంతకం ప్రకాశానిది కాదు. కొత్త చట్టం జమీందార్లకు పరిహారం ఇచ్చింది, ప్రకాశం కమిటీ పోయిన దారి అది కాదు. కానీ ఎస్టేటు రైతు కౌలుదారు కాడు, హక్కుదారు అన్న మాటను ప్రభుత్వ పత్రంలో సాక్ష్యంతో సహా నిలబెట్టింది ఆ కమిటీయే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా పాత ఎస్టేటు గ్రామాల్లో ఇవాళ రైతు చేతిలో ఉన్న పట్టా వెనక ఈ కథ ఉంది.

ప్రకాశం ఆర్డినెన్సు

ఇక రెండో వైపు. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యారు. గాంధీజీ రాజాజీని కోరుకున్నారు. శాసనసభా పక్షం ప్రకాశాన్ని ఎన్నుకుంది. పదకొండు నెలల్లోపే, 1947 మార్చిలో, అదే పక్షం ఆయన్ని దించేసింది. ఈ పదకొండు నెలల్లో ఆయన ఫిర్కా అభివృద్ధి పథకం, సహకార సంఘాల పథకం తెచ్చారు. ఖద్దరును బతికించాలని కొత్త నూలు మిల్లులకు అడ్డుకట్ట వేశారు. మిల్లుల నిర్ణయం ఎవరితోనూ మాట్లాడకుండా తీసుకున్నది. ఆర్థికవేత్తలు, పరిశ్రమదారులు, సొంత పార్టీలోనే సగం మంది ఎదురు తిరిగారు. జమీందారీ విషయంలో జిల్లాలు తిరిగి సాక్ష్యం విన్న మనిషి, నూలు విషయంలో ఒక్క సాక్షినీ పిలవలేదు.

దీనికంటే పెద్ద మచ్చ 1947 జనవరిలో వచ్చిన ప్రజా శాంతిభద్రతల ఆర్డినెన్సు. జనం దాన్ని 'ప్రకాశం ఆర్డినెన్సు' అనే పిలిచారు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం సర్కారు చేతికి వచ్చింది. ఆంధ్ర, తమిళ, మలబారు జిల్లాల్లో కమ్యూనిస్టులు మూకుమ్మడిగా అరెస్టయ్యారు. సమ్మెలు, రైతు ఆందోళనలు ముమ్మరంగా ఉన్న రోజులవి. శాంతిభద్రతల చింత ఉండటంలో వింత లేదు. కానీ హైకోర్టులో ముద్దాయిల తరఫున నిలబడిన బారిస్టరు, తెల్లవాడి జైళ్ళలో ఏళ్ళు గడిపిన మనిషి, ముద్దాయికి న్యాయస్థానం ముఖం చూపించనక్కరలేదనే చట్టానికి తన పేరు తగిలించుకోవడం చరిత్ర మరిచిపోదగ్గది కాదు. ఆ ఆర్డినెన్సు వంశంలోదే మద్రాసు ప్రజా శాంతిభద్రతల చట్టం, 1949. దాని కింద 'క్రాస్ రోడ్స్' పత్రికపై విధించిన నిషేధాన్ని 1950లో రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. భావ ప్రకటనా స్వేచ్ఛ మీద స్వతంత్ర భారతంలో వెలువడిన తొలి తీర్పుల్లో అదొకటి. 1947లో పడిన విత్తు అలా 1950 కోర్టు దాకా సాగింది.

ఆయన అభిమానులు ఈ అధ్యాయాన్ని దాటేస్తారు. విమర్శకులు దీన్నే చూపిస్తారు. ఇద్దరూ ఒకటి గమనించరు. ఎస్టేట్ల నివేదికకూ ఆర్డినెన్సుకూ మధ్య మనిషి మారలేదు. పని చేసిన తీరు మారింది. మొదటిదానిలో రెండో పక్షం మాట విన్నారు. రెండోదానిలో వినలేదు.

ఒక్క ఓటు పాఠం

1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు. కాంగ్రెస్‌ను వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో ఉన్న ప్రకాశం నాయకత్వాన ప్రతిపక్షాలు ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి ప్రభుత్వం తమకివ్వాలన్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ రాజాజీని శాసన మండలికి నామినేట్ చేసి మరీ మంత్రివర్గం ఏర్పాటుకు పిలిచారు. మెజారిటీ ఎవరిదన్న తగవు రాజ్‌భవన్ గుమ్మంలో తేలడం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ మనం దాని ఫలితం చూస్తున్నాం.

ఆ ఏడాది డిసెంబరు 15న, మద్రాసులోనే బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ ప్రకాశం తొలి ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. పదమూడు నెలల్లో ఆ ప్రభుత్వం చేసినవి తక్కువేమీ కావు. గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలయ్యాయి. విజయవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బారేజీకి పునాది పడింది. ఇవాళ దాని పేరు ప్రకాశం బారేజీ.

కూలిపోయింది మాత్రం మద్యనిషేధం దగ్గర. నిషేధం పని చేయడం లేదు, ఎత్తేయాలని ప్రభుత్వం తానే వేసిన రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం వినలేదు. ఉపాధి పోయిన గీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. 1947 ఆర్డినెన్సు కింద జైళ్ళకు వెళ్ళిన పార్టీ సభ్యులు ఆ ఓట్లలో ఉన్నారు. ఒక్క ఓటుతో పోయిన పదవిని ఆయన సభ తీర్పుగా తీసుకుని దిగిపోయారు. 1957 మే 20న, ఒంగోలు పర్యటనలో వడదెబ్బ తగిలాక, హైదరాబాదులో కన్నుమూశారు.

చివరి ఘట్టంలోనూ అదే సూత్రం కనిపిస్తుంది. సొంత కమిటీ సాక్ష్యాలు సేకరించి ఇచ్చిన నివేదికను పక్కనపెడితే, సభలో కావలసిన ఆ ఒక్క ఓటు కూడా మిగలదు. 1938లో నివేదికే ఆయన ఆయుధం. 1954లో నివేదికే ఆయన ప్రత్యర్థి.

ఇప్పుడు ఎందుకు చెప్పుకోవాలి

ఎనభై ఏళ్ళు దాటినా తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికలు భూమి చట్టం దగ్గరే తేలుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం, వాడుకలో లాండ్ టైట్లింగ్ యాక్టు, 2023 అక్టోబరు చివర అమల్లోకి వచ్చింది. హక్కుల తగవులు సివిల్ కోర్టు చేతి నుంచి అధికారుల చేతికి వెళతాయని న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. 2024 ఎన్నికల్లో అది ఊరూరి చర్చ అయింది. ప్రభుత్వం మారగానే, ఆ జులైలో సభ దాన్ని రద్దు చేసింది. తేవడంలో ఎంత తక్కువ చర్చ జరిగిందో, తీసేయడంలో కూడా అంతే. భూమి రికార్డుల్లో నిజంగా ఉన్న గందరగోళం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఈసారి ముసాయిదాను ముందే ప్రజల ముందుంచి సలహాలు అడిగారు. అది మంచి మొదలు. కానీ ఇంటర్నెట్‌లో పెట్టిన ముసాయిదాకూ, మండల కేంద్రంలో కూర్చుని రైతు మాట విన్న కమిటీకీ తేడా ఉంది.

దీనికి ఒక్క నాయకుల్నే నిందించి లాభం లేదు. తొలి లోక్‌సభలో దాదాపు మూడో వంతు న్యాయవాదులే. తరవాత ఆ వాటా తగ్గుతూ వచ్చింది. రైతులు, వ్యాపారులు, వెనకబడిన వర్గాలవారు, మహిళలు సభలోకి రావడం ప్రజాస్వామ్యం సాధించిన పనే. ప్లీడర్ల సభ తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. పోగొట్టుకున్నది వృత్తిని కాదు, సాక్ష్యం అడిగే అలవాటును. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే 1985 నాటి పదో షెడ్యూలు వచ్చాక సభ్యుడి ఓటు విప్ చేతిలో పడింది. బిల్లులో లోపం కనిపించినా ఓటు వేయక తప్పని సభ్యుడు దాన్ని చదవడం మానేశాడు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయే సభలో ప్రతి సభ్యుడినీ ఒప్పించాల్సి వచ్చేది. ఇవాళ ఒప్పించాల్సింది ఒక్క నాయకుణ్ణే.

ప్రకాశం పేరు మీద జిల్లా ఉంది, బారేజీ ఉంది, చెన్నైలో వీధి ఉంది. ఏటా ఆగస్టు 23న దండలు పడుతూనే ఉన్నాయి. ఆయనకు నిజంగా నివాళి కావాలంటే చేయాల్సినవి తేలికైన పనులే. భూమి హక్కులను మార్చే ప్రతి బిల్లూ సభా సంఘానికి వెళ్ళాలి. ఆ సంఘం జిల్లాల్లో కూర్చుని రైతుదీ, వకీలుదీ, రెవెన్యూ ఉద్యోగిదీ వాంగ్మూలం తీసుకోవాలి. వ్యతిరేకించినవారి మాటతో సహా నివేదిక తెలుగులో అచ్చు వేయాలి. 1938 ఎస్టేట్ల నివేదికను కూడా రెండు రాష్ట్రాల శాసనసభలు తెలుగులో తిరిగి అచ్చు వేసి కొత్త సభ్యుల చేతికివ్వాలి. పరదేశ ప్రభుత్వం కింద, పరిమిత అధికారాలున్న మంత్రివర్గంలో ఒక రాజమండ్రి ప్లీడరు చేయగలిగిన పని, పూర్తి అధికారమున్న నేటి సభలు చేయలేమంటే, కారణం వారే చెప్పాలి.